ఆవిరయ్యేది మంచినీరే, మిగిలేది ఉప్పే

హైదరాబాదు నుంచి ఒక సోదరి పంపిన ఉత్తరం ఇది. పేరు, పేట రాయవద్దన్నారు కనుక విషయం మాత్రమే క్లుప్తంగా ఇస్తున్నాను. ఆమె బ్యాంకు ఉద్యోగి. ఏడేళ్లు విశాఖపట్నంలో ఉండి, నిరుడు దసరా తర్వాత బదిలీ మీద హైదరాబాదు వచ్చారు. విశాఖలో ఎంతో ఇష్టంగా అమర్చుకున్న మూడడుగుల రీఫ్ అక్వేరియాన్ని, అంటే సముద్రపు చేపలూ పగడాలూ పెంచే ఉప్పునీటి తొట్టెను కూడా వెంట తెచ్చుకున్నారు. పైన అద్దాల తొట్టె, కింద స్టాండులో సంప్ (పై తొట్టె నీరు దిగివచ్చి, పంపుతో మళ్లీ పైకి వెళ్లే రెండో తొట్టె), రెండూ కలిపి 200 లీటర్ల నీరు. ఒక క్లౌన్ చేపల జత, ఒక తోలు పగడం, కొన్ని జోయాంథిడ్లు (పువ్వుల్లాంటి చిన్న పగడపు జాతి ప్రాణులు), మష్రూమ్ పగడాలు, నత్తలు, రెండు క్లీనర్ రొయ్యలు అందులో ఉండేవి. విశాఖలో రోజుకు రెండు లీటర్లకు మించి తగ్గని నీరు, ఇక్కడ ఏప్రిల్ వచ్చేసరికి రోజుకు 5 లీటర్లు తగ్గుతోంది. వేడికి తట్టుకోవడానికి తొట్టె మీద రెండు క్లిప్ ఫ్యాన్లు పెట్టారు. రోజూ పొద్దున్న వంటింటి ఆర్వో నీటితో ఆమే నింపుకుంటూ వచ్చారు.

మొన్న నాలుగు రోజుల శిక్షణకు చెన్నై వెళ్లవలసి వచ్చినప్పుడు, "నీళ్లు గీత కంటే తగ్గితే పోయండి" అని ఒక కాగితం మీద రాసి మామగారికి అప్పగించారు. ఆయన ఒక్క పూట కూడా మరవకుండా పోశారు. అయితే నీళ్లు మార్చడం కోసం ఆమె కలిపి పెట్టుకున్న ఉప్పునీటి డ్రమ్ములోంచి పోశారు. ఆమె తిరిగి వచ్చి చూసేసరికి తోలు పగడం ముడుచుకుపోయి ఉంది, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ 38 దాటి (వెయ్యి పాళ్ల నీటిలో 38 పాళ్ల ఉప్పు) చూపిస్తోంది. కంగారులో ఆ సాయంత్రమే ఒక బకెట్ ఉప్పునీరు తీసేసి అంతే ఆర్వో నీరు పోసి 35కి దించారు. తెల్లవారేసరికి రొయ్యలు రెండూ చనిపోయాయి. "ఇన్నేళ్ల నా కష్టాన్ని నాలుగు రోజుల్లో నాశనం చేశారు" అని మామగారిని అనేశారు. "సముద్రపు ప్రాణులకు మంచినీళ్లు పోస్తే చచ్చిపోవా అనుకున్నానమ్మా" అని మాత్రం ఆయన అన్నారట. అప్పటి నుంచి ఆయన హాల్లో ఆ వైపు కూర్చోవడం మానేశారు. భర్త, అద్దం మూత పెట్టించేసి ఊరుకోమంటున్నారు, లేదంటే ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. ఇరవై రోజుల్లో రాజమహేంద్రవరంలో ఆడపడుచు కూతురి పెళ్లి. ఇంటిల్లిపాదీ 9 రోజులు ఊళ్లో ఉండరు. ఏం చేయాలో తోచడం లేదనీ, మామగారి ముఖం చూడలేకపోతున్నాననీ రాశారు.

సోదరీ, మీ ఉత్తరంలో రెండు బాధలు ఒకదానికొకటి మెలిపడి ఉన్నాయి. నీళ్ల సంగతి ముందుగా విప్పితే రెండో ముడి కూడా చాలావరకు దానంతట అదే వదులవుతుందని నాకనిపిస్తోంది.

తొట్టెలోంచి ఆవిరై పోయేది మంచినీరు ఒక్కటే. ఉప్పు ఒక్క గ్రాము కూడా గాలిలోకి పోదు. మీ తొట్టెలో లీటరుకు 35 గ్రాముల లెక్కన సుమారు 7 కిలోల ఉప్పు ఉంటుంది. ఒక రోజు 5 లీటర్లు తగ్గితే అదే 7 కిలోలు 195 లీటర్లలో సర్దుకోవాలి కాబట్టి ఉప్పదనం దాదాపు 36కి చేరుతుంది. ఆ 5 లీటర్ల మంచినీరు తిరిగి పోస్తే మళ్లీ 35కి వస్తుంది. మామగారు పోసిన ఉప్పునీటిలో రోజుకు 175 గ్రాముల చొప్పున నాలుగు రోజుల్లో 700 గ్రాముల ఉప్పు అదనంగా చేరింది, అందువల్ల 38.5 అయింది. మీ రిఫ్రాక్టోమీటర్ చూపించినది దీనికి సరిగ్గా సరిపోతోంది.

ఇప్పుడు మీకు కొంచెం కష్టంగా ఉండే మాట ఒకటి చెప్పాలి. ఉప్పదనం నాలుగు రోజుల్లో మూడున్నర పాళ్లు పెరిగింది. మీరు దాన్ని ఒక్క సాయంత్రంలో మూడున్నర పాళ్లు దించారు. చేపలు ఒంట్లోని ఉప్పును చాలావరకు సర్దుకోగలవు. పగడాలకూ నత్తలకూ ఆ శక్తి లేదనే చెప్పాలి, రొయ్యలు హఠాత్తు మార్పును తట్టుకోలేవు. ఎర్ర సముద్రంలో పగడాలు 40 ఉప్పదనంలో తరతరాలుగా బతుకుతున్నాయి. అంటే అంకె ఎంత అన్నదాని కంటే అది ఎంత వేగంగా మారింది అన్నదే ఎక్కువ ప్రమాదం. ఆ రొయ్యలు పెరిగిన ఉప్పుకు చనిపోయాయా, దిగిన ఉప్పుకు చనిపోయాయా అని నేను ప్రమాణం చేసి చెప్పలేను. నాలుగు రోజులూ బతికి ఉన్నవి ఆ రాత్రి పోయాయన్నది మాత్రం మీరే రాశారు. ఈ నష్టాన్ని మొత్తంగా మామగారి ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఈ పొరపాటు రీఫ్ పెంచే వాళ్లలో చాలామంది తొలి రోజుల్లో చేసేదే, నేనూ చేశాను. ఎక్కువైన ఉప్పును రోజుకు ఒక పాలు చొప్పున దించుకోవాలి. మీ తొట్టె లెక్కకు 5 లీటర్ల ఉప్పునీరు తీసి 5 లీటర్ల మంచినీరు పోస్తే సుమారు ఒక పాలు తగ్గుతుంది. ఆ రోజు అది నాలుగు రోజుల పని.

మీ కాగితం మీద ఏ నీళ్లు పోయాలో రాయలేదు. పక్కనే మీ చేత్తో కలిపి పెట్టిన డ్రమ్ము ఉంది. సముద్రపు ప్రాణికి ఉప్పునీరే పోయాలనుకోవడం, విషయం చెప్పని ఎవరికైనా కలిగే ఆలోచనే. మామగారితో ఏం మాట్లాడాలో మీరే తేల్చుకోవాలి. నా సలహా అయితే, రెండు మాటల్లో క్షమించమని అడిగి ఊరుకోకుండా, పైన నేను వేసిన లెక్కను ఆయన ముందు కాగితం మీద వేసి చూపించండి. ఆయన ఏ మాటతో నొచ్చుకున్నారో దానికి జవాబు ఆ లెక్కలో ఉంది, అందులో మీ వాటా కూడా కనిపిస్తుంది. లేదా ఈ విషయం ఎత్తకుండా రోజులు గడవనివ్వవచ్చు, చాలా ఇళ్లలో అలాగే గడిచిపోతుంది. అలా చేస్తే ఆయన మళ్లీ తొట్టె జోలికి రారు, మీరు ఊరెళ్లినప్పుడల్లా ఇంట్లో సాయం చేసే చెయ్యి ఒకటి తగ్గుతుంది.

మీ వారు చెప్పిన అద్దం మూత సంగతికి వస్తాను, ఎందుకంటే వినడానికి అది సబబుగానే ఉంది. నీళ్లు ఆవిరవుతున్నాయి కాబట్టి మూస్తే సరి అనిపిస్తుంది. నిజంగానే నష్టం బాగా తగ్గుతుంది. కానీ ఆ ఆవిరే మీ తొట్టెను చల్లగా ఉంచుతోంది. కుండలో నీళ్లు చల్లబడేది ఎలాగో ఇదీ అలాగే. రోజుకు 5 లీటర్లు ఆవిరవడమంటే సుమారు 140 వాట్ల వేడిని నిరంతరం బయటికి తోడేయడం. మూత పెడితే ఆ వేడి, దీపాల వేడి, పంపుల వేడి నీళ్లలోనే నిలుస్తాయి. మే నెలలో హైదరాబాదు హాలు 34 డిగ్రీలుంటే తొట్టె కూడా అక్కడికే చేరుతుంది. 30 దాటితే మీ పగడాలు రంగు కోల్పోవడం మొదలుపెడతాయి, వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది కనుక చేపలకూ కష్టమే. మూత వల్ల నీటికీ గాలికీ మధ్య వాయువుల మార్పిడి కూడా తగ్గుతుంది. కాబట్టి అద్దం మూత పెట్టాలంటే దానితోపాటు చిల్లర్ (నీటిని చల్లబరిచే మర) కొనాలి, లేదా హాల్లో పగలంతా ఏసీ నడపాలి. రెండింటిలో ఏది చేసినా నీటి ఖర్చు పోయి కరెంటు ఖర్చు వస్తుంది. చిల్లర్ తొట్టెలోని వేడిని హాల్లోకి వదులుతుందని కూడా గుర్తుంచుకోండి. చేపలు దూకకుండా సన్నని వలతో మూత పెట్టుకోవడం మంచిదే, అది ఆవిరికి పెద్దగా అడ్డం కాదు. మధ్యేమార్గం కావాలంటే కింది సంప్‌ను మాత్రం సగం మూసి చూడండి. కొంత నీరు మిగులుతుంది, ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కంటే పెరిగితే తీసేయవచ్చు.

విశాఖకూ హైదరాబాదుకూ ఇంత తేడా ఎందుకని మీరు ఆశ్చర్యపోయారు. సముద్రం ఒడ్డున గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువ కనుక నీరు ఆవిరయ్యే చోటు తక్కువ, ఫ్యాన్ పెట్టినా చల్లదనం అంతంత మాత్రం. దక్కను పీఠభూమి మీద ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, అందుకే నీళ్లు అంతగా తగ్గుతాయి, అందుకే రెండు చిన్న ఫ్యాన్లతో తొట్టె నిలదొక్కుకుంటుంది కూడా. జూన్‌లో వానలు పట్టగానే మీ 5 లీటర్లు తగ్గుతాయి. ఇప్పటి లెక్కతో అప్పుడు కూడా పోస్తూ పోతే ఉప్పదనం పడిపోతుంది. లీటర్లు లెక్కపెట్టి పోయడం కంటే గీత చూసి పోయమని నేను చెప్పేది అందుకే. ఇంట్లో నీళ్ల ఎయిర్ కూలర్ వాడుతుంటే అదే హాల్లో పెట్టకండి. గాలిలో తేమ పెరిగి తొట్టె ఫ్యాన్ల వల్ల వచ్చే చల్లదనం తగ్గిపోతుంది.

గీత ఎక్కడ గీశారో మీరు రాయలేదు. సంప్ ఉన్న తొట్టెలో నీరు ఎంత తగ్గినా పైన అద్దంలో తెలియదు. తగ్గుదలంతా సంప్‌లో నీటిని తిరిగి పైకి పంపే రిటర్న్ పంప్ ఉండే అరలోనే కనిపిస్తుంది. గీత అక్కడ ఉండాలి, పంపులు నడుస్తుండగా చూడాలి. పంప్ ఆపి చూస్తే పై తొట్టె నీరు దిగివచ్చి గీత మునిగిపోతుంది, ఏమీ తగ్గలేదనిపిస్తుంది.

ఇక ఏ నీరు అన్నది. "వంటింటి ఆర్వో" అని రాశారు. దాన్ని ఒకసారి తెరిచి చూడండి, లేదా బాగుచేసే మనిషిని అడగండి. ఈమధ్య వచ్చే ఆర్వోలలో రాగి కలిపే గొట్టం ఉంటోంది. మనుషుల మాట ఎలా ఉన్నా, రొయ్యలకూ నత్తలకూ పగడాలకూ రాగి విషం. రాగి గొట్టం ఉన్న ఆర్వో నీరు తొట్టెలో అసలు పోయకూడదు. రాగి బిందెలో పట్టి ఉంచిన నీరు కూడా అంతే, పెద్దవాళ్లు మంచిదనుకుని అవే పోసే ప్రమాదం ఉంది కనుక చెబుతున్నాను. మినరల్స్ కలిపే గొట్టం, రుచి కోసం బోరు నీటిని కొంత కలిపే టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న పదార్థాల కొలత) సర్దుబాటు మర వంటివి కూడా వాటిలో ఉంటాయి. ఉప్పు గురించి చెప్పిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. పోసిన నీటిలో ఏముందో అది తొట్టెలోనే ఉండిపోతుంది. టీడీఎస్ 300, అంటే లీటరుకు 300 మిల్లీగ్రాములు ఉన్న బోరు నీరు రోజుకు 5 లీటర్లు పోస్తే నెలకు 45 గ్రాముల సరుకు చేరుతుంది. అందులో నైట్రేటు, సిలికా ఉంటే మొదట కనిపించేది గోధుమరంగు పాచి. టీడీఎస్ మీటర్ చవకైన వస్తువే, కొని మీ నీటిని కొలవండి. 10 లోపు ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. 50, 80 వస్తుంటే కొన్నాళ్లు నడుస్తుంది, నెలనెలా నీళ్లు మార్చడం మాత్రం తప్పనిసరి అవుతుంది. తొట్టె కోసం విడిగా ఒక చిన్న ఆర్వో, దాని వెనుక మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్ గొట్టం అమర్చుకోగలిగితే ఈ దిగులు పోతుంది. కానీ శుద్ధి చేసిన దానికంటే ఎక్కువ నీరు వృథాగా పోతుంది, దాన్ని బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి వాడుకోండి. ఏసీ గొట్టంలోంచి కారే నీరు స్వచ్ఛంగా కనిపిస్తుందని కొందరు పోస్తుంటారు. అది రాగి గొట్టాల మీదుగా, దుమ్ము మీదుగా కారిన నీరు, దాన్ని ముట్టుకోవద్దు.

రోజువారీ పనికి మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది చేత్తో పోయడం. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి పోస్తే ఉప్పదనం అర పాలు కూడా కదలదు. ఖర్చు లేదు, చెడిపోయే మర లేదు, పోసేటప్పుడు తొట్టెను పలకరించినట్టూ ఉంటుంది. మీరు లేనప్పుడు ఇంకొకరు చేయాలంటే మంచినీరు రెండు లీటర్ల సీసాల్లో నింపి వరుసగా పెట్టండి, ఉప్పునీటి డ్రమ్ముకు మూత బిగించి "ఇది పోయవద్దు" అని పెద్ద అక్షరాలతో అంటించండి. కాగితం మీద రాసిన సూచన కంటే కళ్లెదుట ఉన్న సీసా స్పష్టంగా చెబుతుంది. పూటపూటా మనిషి ఉండాలన్నదే దీనిలో లోటు.

రెండోది ఆటో టాప్-ఆఫ్. సంప్‌లో నీరు గీత కంటే తగ్గగానే సెన్సర్ గుర్తించి, పక్కనున్న డబ్బాలోంచి చిన్న పంపుతో నింపే పరికరం. గంటగంటకూ కొద్దికొద్దిగా పోస్తుంది కనుక పగడాలకు ఇంతకంటే మేలైనది లేదు. కానీ దీన్ని పెట్టి మరిచిపోకూడదు. సెన్సర్ మీద నత్త ఎక్కి కూర్చున్నా, తేలే బంతికి ఉప్పు పేరుకుని కదలకపోయినా, పంపు ఆగకుండా డబ్బా అంతా కుమ్మరిస్తుంది. డబ్బాలోంచి వచ్చే గొట్టం కొన డబ్బాలోని నీటిమట్టం కంటే కిందికి ఉంటే, పంపు ఆగిపోయినా నీరు దానంతట అదే పారుతూనే ఉంటుంది. కాబట్టి గొట్టం కొనను డబ్బాలోని నీటిమట్టానికి పైన బిగించాలి. ఒకటి పని చేయకపోతే రెండోది ఆపేలా రెండు సెన్సర్లున్నది తీసుకోండి, నెలకోసారి వినెగర్‌లో నానబెట్టి శుభ్రం చేయండి. కొందరు ఆ డబ్బాలో సున్నపు తేట కలిపి పగడాలకు కాల్షియం అందిస్తారు. మీవన్నీ మెత్తని పగడాలు, వాటికి అది అవసరం లేదు. పంపు ఆగకపోతే ఆ తేట వల్ల కలిగే హాని వట్టి నీటి వల్ల కలిగే దానికంటే చాలా ఎక్కువ.

డబ్బా ఎంత పెద్దదైతే అన్ని రోజులు నిశ్చింత అనిపిస్తుంది. పెళ్లి ప్రయాణంలో మీరు నిర్ణయించుకోవలసింది సరిగ్గా ఇదే. 9 రోజులకు 45 లీటర్లు కావాలి. 60 లీటర్ల డ్రమ్ము పెట్టుకుని వెళ్లారనుకోండి, అంతా సవ్యంగా ఉంటే ఎవరి సాయమూ అక్కరలేదు. మర మొండికేస్తే మాత్రం మొత్తం నీరు దిగి ఉప్పదనం 27కి పడిపోతుంది, పగడాలు మిగలవు, హాలంతా నీళ్లవుతుంది. 25 లీటర్ల డబ్బా పెడితే, అదంతా ఒక్కసారిగా దిగినా ఉప్పదనం 31 దగ్గర ఆగుతుంది. పగడాలు ముడుచుకుంటాయి, కానీ చాలావరకు కోలుకుంటాయి. అది ఐదు రోజులకే సరిపోతుంది కనుక మధ్యలో ఒకరు వచ్చి డబ్బా నింపాలి. నేనైతే ఈ రెండోదే ఎంచుకుంటాను. పొరుగింటి వాళ్లకు తాళం ఇచ్చి, నింపి మూత బిగించిన క్యాన్లు పక్కనే పెట్టి, ఐదో రోజు వాటిని డబ్బాలో పోయమని మాత్రమే అడగండి. తొట్టెను వాళ్లు తాకవలసిన పని లేదు. ఇంకొకరి మీద ఆధారపడటం ఇష్టం లేకపోతే, ఆ 9 రోజులూ ఆవిరిని తగ్గించే మార్గం కూడా ఉంది. దీపాలు రోజుకు నాలుగైదు గంటలే వెలిగేలా పెట్టి, కిటికీ తెరలు మూసి, ఏసీని 27 మీద ఉంచి, ఫ్యాన్లు ఆపేయవచ్చు. నీరు బాగా మిగులుతుంది, కానీ కరెంటు పోయి వచ్చాక ఏసీ తిరిగి దానంతట అదే మొదలవుతుందో లేదో ముందే పరీక్షించుకోవాలి. మొదలవకపోతే తొట్టెకు ఏసీ గాలీ ఉండదు, ఫ్యాన్ గాలీ ఉండదు.

ఏది ఎంచుకున్నా ఈ వారమే అమర్చండి. రెండు వారాలు మీ కళ్లముందు నడిచిన మరను నమ్మి వెళ్లవచ్చు, ప్రయాణం ముందురోజు బిగించిన దాన్ని నమ్మలేం. ఒకసారి పంపులన్నీ ఆపి, పై తొట్టె నీరు దిగాక సంప్‌లో ఇంకా 25 లీటర్లకు చోటుందో లేదో చూడండి. లేకపోతే చిన్న డబ్బా పెట్టుకుని, పొరుగువారిని రెండుసార్లు రమ్మనండి.

ఎవరికైనా ఇచ్చేయమన్న మాట కూడా మీరు రాశారు కనుక చెబుతున్నాను. అది ఓటమి ఏమీ కాదు. రోజుకు రెండు పూటలు అడిగే వ్యాపకం ఒక బదిలీ ఉద్యోగికి బరువు కావచ్చు. ఇవ్వాలనుకుంటే, నడుస్తున్న రీఫ్ ట్యాంక్ ఉన్నవారికే ఇవ్వండి, చేపలనూ పగడాలనూ విడదీయకుండా ఇవ్వగలిగితే మరీ మంచిది. విశాఖ తీసుకెళ్లి సముద్రంలో వదిలేద్దామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. దుకాణంలో కొన్న ప్రాణులు ఆ తీరానివి కాకపోవచ్చు, వాటితోపాటు కొత్త జబ్బులూ అక్కడికి చేరవచ్చు. కానీ ఈ నిర్ణయం ఇప్పుడు తీసుకోవద్దని నా మనవి. కోపంలో, దుఃఖంలో తొట్టె తీసేస్తే, ఖాళీ అయిన ఆ చోటు చూసినప్పుడల్లా తన వల్లే పోయిందని మామగారు అనుకుంటారు. వానాకాలం వచ్చి పని తేలికయ్యాక, ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించండి.

తోలు పగడం గురించి బెంగపడకండి. అలాంటి దెబ్బ తగిలాక అది వారం, పది రోజులు ముడుచుకునే ఉంటుంది, పైన మైనంలాంటి పొర కట్టి, దాన్ని విడిచాక మళ్లీ విచ్చుకుంటుంది. ఆ పొర చూసి కుళ్లిందని తీసేయకండి. అది కదిలిపోయేలా కొంచెం నీటి ప్రవాహం తగలనివ్వండి. వాసన రావడం, మెత్తబడి విడిపోవడం కనిపిస్తే అప్పుడు తీయాలి. కొత్త రొయ్యలను పెళ్లి నుంచి వచ్చాక, ఉప్పదనం రెండు వారాలు కదలకుండా నిలిచాకే తెండి.

పెళ్లి నుంచి తిరిగి వచ్చిన రాత్రి, నీరు గీత కంటే ఎంత దిగువన ఉన్నా వెంటనే నింపేయకండి. ముందు ఉప్పదనం చూడండి. 36 లోపు ఉంటే గీత వరకు పోయవచ్చు, 37 దాటి ఉంటే ఆ తేడాను రెండు మూడు రోజుల మీద పంచి పోయండి. రిఫ్రాక్టోమీటర్‌ను 35 ప్రమాణ ద్రావణంతో సరిచూసుకోవడం మాత్రం మరవకండి. రెండు చుక్కలు వేసి, మూత దించి, వెలుతురు వైపు తిప్పి నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె చదవడమే కనుక అది నేర్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ప్రయాణానికి ముందే మామగారికి నేర్పండి. ఆ రాత్రి మొదటి అంకె ఆయననే చదవమనండి.